పాతబస్టాండు వీధి వెనక తాడు

నమోదు 1. పసుపు జెండా

ఈ రోజు దారిపెట్టెను, మా వీధి బడిలో పిల్లలకు ముందు దారి చెప్పే యంత్రాన్ని, కొట్టాను. అరచేత్తోనే, అదీ ఒక్కసారే. బడి మొత్తం చూసింది గనక దాచేదేమీ లేదు.

చివరి గంట మోగగానే మా తరగతిని దాని ముందు వరసగా నిలబెట్టారు. వచ్చే ఏడాది ఏ కళాశాలలో చేరాలన్నా ఈ వేసవిలో ఏం చేశామో చూపించాలి. మార్కులు చూడటం మా అమ్మ చదువుకునే రోజుల్లోనే మానేశారు. చెవిలో పెట్టుకున్న గింజ పాఠాలన్నీ అప్పజెబుతుంటే ఎవరి మార్కులు ఎవరివని చూస్తారు? ఇప్పుడు దరఖాస్తులో వేసవి గడి ఒకటుంటుంది. అందులో ఒకే ఒక పని. ఆ పని మనమే చేశామని మన వీధివాళ్ళు ముగ్గురు పెట్టె ముందు నిలబడి నోరు తెరిచి చెప్పాలి. గింజ చెబితే చెల్లదు, మనిషే చెప్పాలి.

“మీ ధ్యేయము తెలుపగలరు,” అంది దారిపెట్టె.

“గాలి కళాశాల.”

“కారణము?”

“కింది ఊళ్ళలో నీడను గంటల లెక్కన అమ్ముతున్నారు. గాలిని, నీడను మలిచే విద్య వాళ్ళ గుప్పిట్లో ఉంది కాబట్టి అమ్ముతున్నారు. ఆ విద్య నేను నేర్చుకుంటాను. నేర్చుకుని ఊరూరా ఊరికే పరుస్తాను.”

“అభినందనీయము. మీకు తగిన వ్యాపకములు: యంత్రములకు నాయకత్వము. మౌన శిబిరము. వృద్ధులతో సంభాషణ. అంతరించిన పక్షుల కూతలు.”

“వీటివల్ల ఎవరికి ఉపయోగం?”

“దరఖాస్తుదారునకు.”

అప్పుడు కొట్టాను.

నా వెనక నిలబడ్డ ఖాసిం, ఒకటో తరగతి నుంచీ నా పక్క బల్లే వాడిది, నా చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగాడు. “పెట్టెకు నొప్పి పుట్టదు మే, నీ చెయ్యే వాస్తాది.” ఆ తర్వాత తన వంతు రాగానే ఏ సిగ్గూ లేకుండా పక్షుల కూతలు తీసుకున్నాడు. కలివికోడి కూత నేర్చుకుంటాడట.

“కలివికోడే ఎందుకురా?”

“చచ్చిపోయిన పక్షి గదా. తప్పు కూసినా పట్టుకునేవాళ్ళుండరు.”

ఇట్లాంటి వాళ్ళ వల్లే లోకం మారడం లేదు.

ఇంటికి వచ్చేసరికి కబురు నాకంటే ముందే వచ్చింది. మా అమ్మ ఊళ్ళోవాళ్ళ చల్లచొక్కాలు, ఎండలో ఒళ్ళు చల్లగా ఉంచే గొట్టాల చొక్కాలు, బాగుచేస్తుంది. ఒక చొక్కా గొట్టంలోకి ఊదుతూనే అడిగింది.

“పెట్టెను కొట్టినావంట?”

“దానికి బుద్ధి లేదు.”

“నీకుండాది కదా పినాకినీ, నువ్వు ఊరుకోవాల్సింది.”

మా వీధిలో మూతపడిన అచ్చాఫీసు అటక మీద దొరికిన పాత కరపత్రాలు నా మంచం కింద ఉన్నాయి. చదివి చదివి మడతల దగ్గర చిరిగిపోయాయి. వాటిలో ఒకదాని మీద పెద్ద అక్షరాల్లో ఉంటుంది: పేరు లేని చెమట దొంగలపాలైన చెమట. ఈ రోజు దాన్ని మళ్ళీ చదివాను. రక్తం ఉడికింది. అన్నం తిన్నాను.

నమోదు 2. ఇంకా పసుపు జెండానే

ఎండ ఎంత గట్టిదో చెప్పే జెండా పసుపుగా ఉన్నన్నాళ్ళూ చల్లచొక్కా వేసుకుని ఎక్కడికైనా తిరగవచ్చు. తిరిగాను. పెట్టె చెప్పిన వాటిని చూడకుండా తిట్టడం అన్యాయమని, చూసి తిడదామని వెళ్ళాను.

మౌన శిబిరం కొండ కింద గుహలో పెట్టారు. అందరినీ చాపల మీద కూర్చోబెట్టి, మాట్లాడకుండా ఉండటం ఎంత గొప్పదో నిర్వాహకుడు చెప్పడం మొదలుపెట్టాడు. చెప్తూనే ఉన్నాడు. మా నోళ్ళు మూయించడానికి మీ నోరు ఇంతసేపు తెరవాలా అని లేచి అడిగాను. ఉపాహారం పెట్టకుండానే బయటికి పంపారు. వెనక నుంచి చప్పట్లు వినిపించాయి గానీ ఎవరూ లేచి రాలేదు.

యంత్రాలకు నాయకత్వం మా తరగతి లీలాధర్ తీసుకున్నాడు. వాళ్ళ నాయన వాడికోసం ఊడ్చే యంత్రాలు కొన్ని బాడుగకు తెచ్చాడు. వాటి దారిన అవి ఎట్లాగూ ఊడుస్తాయి. వీడు చెయ్యెత్తి ముందు నడుస్తాడు, అంతే. నిన్న ఒకటి వీడి చెప్పును ఊడ్చుకుని పోయింది. ఒంటి చెప్పుతోనే నాయకత్వం కొనసాగించాడు.

ఇక వృద్ధులతో సంభాషణ. మా వీధిలో అందరికంటే పెద్దవాడు ఎర్రిస్వామి తాత. వెళ్ళి పక్కన కూర్చున్నానో లేదో చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఈ వారం నాకు ఖాళీ లేదు మే. పొద్దున లీలాధర్ చెల్లెలు, ఎండెక్కినాక పక్కవీధి కవలలు, ఆ మీదట ఇంగెవరో. అందరూ నా చిన్నప్పటి కథలే అడుగుతాండారు. ఉండేటివి అయిపోయె. ఇప్పుడు కొత్తవి పుట్టిస్తాండా.”

“అబద్ధాలా తాతా?”

“వాళ్ళకేం తెలుస్తాది? నిన్న నన్ను పులి తరిమింది. బాగనే వచ్చింది, రాసుకున్నారు.”

ఖాసిం మాత్రం వాళ్ళ మిద్దె మీద నిలబడి రోజంతా కూస్తున్నాడు. కూక్రిక్, కూక్రిక్ అని. కలివికోడి ఎట్లా కూసేదో నాకు తెలియదు గానీ, వాడు కూస్తుంటే తుప్పు పట్టిన తలుపు తెరిచినట్టుంటుంది. మా అమ్మ నూనె సీసా తెచ్చి మా తలుపు బందులకు పోసింది. చప్పుడు ఆగకపోయేసరికి మళ్ళీ పోసింది.

నమోదు 3. ఎర్ర జెండా

ఎర్ర జెండా ఎగరేశారు. ఇక పరదా నీడ దాటి అడుగు పెట్టకూడదు.

మాది పాతబస్టాండు వీధి. బస్సులను నేనెప్పుడూ చూడలేదు. వీధి పొడవునా, ఇళ్ళ కప్పుల కంటే ఎత్తున ఒకే పరదా కట్టి ఉంటుంది. పొద్దు జరిగేకొద్దీ దాన్ని జరపాలి. మొదట్లో మోటార్లు పెట్టారట, దుమ్ముకు అవి మొరాయించాయి. అప్పటి నుంచీ తాళ్ళే. ముందు తాడు వీధి మొగదల ఉంది, నాగలింగం మామ టీ బంకు ఎదురుగా. వెనక తాడు ఆ చివర, పాత టికెట్ల గది గోడ వెనక. ముందు తాడు లాగితే వీధికి నీడ వస్తుంది. వెనక తాడు కూడా లాగితేనే చివరి సందుకు వస్తుంది. ఆ సందులో ఒకే ఇల్లు, దస్తగిరమ్మవ్వది. మోకాళ్ళు పట్టేసి ఆమె ఎక్కడికీ కదలదు.

ఎండ పాకుతూ వచ్చి ఏ ఇంటి గడప మీద పడినా అది చూసినవాళ్ళు “గడప తాకింది!” అని అరుస్తారు. తాడు దగ్గరికి ఎవరైనా పోవచ్చు. వంతుల్లేవు, పట్టిక లేదు. పరదా మీది దుమ్ము నెత్తిన పడుతుంది గనక ముఖానికి తువ్వాలు చుట్టుకుని పోతారు, లాగుతారు, మేకుకు కట్టేసి వస్తారు. ఎవరు లాగారని ఎవరూ అడగరు. లాగినవాళ్ళు చెప్పుకోరు. కొత్తగా కాపురానికి వచ్చినవాళ్ళెవరైనా తెలియక అడిగితే జవాబు ఒకటే: ఎవరో లాగినారులే. మొదటి పెద్ద ఎండలప్పటి నుంచీ ఇదే పద్ధతి. ఎందుకని అడిగితే, పద్ధతి అంటారు.

పోయిన వేసవి నుంచి వెనక తాడు ఎక్కువగా నేనే లాగుతున్నాను. ఎవరూ చెప్పలేదు. ఆ తాడు నాకు ఇష్టం. పడమటి గాలి వచ్చినప్పుడు అది చేతిలో వణుకుతుంది. అప్పుడు లాగితే అరచేతులు ఊడిపోతాయి. ముందు వదలాలి. పరదా ఊపిరి పీల్చుకున్నట్టు ఉబ్బి, మళ్ళీ కుంగేటప్పుడు లాగాలి. అప్పుడది చంటిబిడ్డలా మాట వింటుంది. సందు చివరిదాకా నీడ పాకుతుంటే చూడాలి. గాలి కళాశాలలో నేర్పేది ఇదే కదా, ఇంకొంచెం పెద్దగా.

ఈ రోజు తాడు మేకుకు కడుతుంటే తట్టింది. వేసవి గడిలో రాయాల్సిన పని నా చేతుల్లోనే ఉంది! నేరుగా టీ బంకుకు పరుగెత్తాను.

“మామా, వెనక తాడు రోజూ నేనే లాగుతాండా కదా. పెట్టె ముందర ఒక మాట చెప్పు.”

నాగలింగం మామ గ్లాసులు కడగడం ఆపలేదు. “ఎవరో లాగినారులే.”

“ఎవరో కాదు, నేను!”

“ఎవరో అంటే అందులో నువ్వూ ఉండొచ్చు. టీ తాగుతావా?”

ఎర్రిస్వామి తాత, పులి తరిమిన మనిషి, నిజం చెప్పమంటే ఆకాశం వైపు చూశాడు. ఆఖరికి దస్తగిరమ్మవ్వ దగ్గరికి పోయాను. ఆమె చెప్పక ఎవరు చెబుతారు?

“అవ్వా, నీ సందుకు నీడ ఎవరు తెస్తాండారు?”

“తువ్వాలు.”

“తువ్వాల్లో ఎవరుండారు?”

“ముక్కుదాకా కట్టుకుంటే నాకేం తెలుస్తాది? ఆ తువ్వాలు కొంచెం ఉతకమని చెప్పు. గాలి ఇటు తిరిగితే వాసన నా ఇంట్లోకి వస్తాంది.”

ఉతికాను. కోపంతో ఉతికితే బాగా తెల్లబడుతుంది.

నమోదు 4. ఎర్ర జెండా

రాశాను! పాత అచ్చాఫీసులో చేత్తో తిప్పే యంత్రం ఒకటి ఇంకా పని చేస్తోంది. ఖాసిం తిప్పాడు, నేను కాగితాలు పెట్టాను. మోచేతుల దాకా సిరా.

“తాడుకు పేరు కావాలి! సోదరులారా, సోదరీమణులారా, మన నెత్తిన నీడ ఎవరి చెమట? ఆ చెమటకు పేరెందుకు లేదు? అడగొద్దు, చెప్పొద్దు అనే పద్ధతి ఎవరి మేలు కోసం? తువ్వాలు విప్పండి! పేరు రాయండి!”

ఇంకా ఉంది, కానీ సారాంశం ఇదే. ఖాసిం చదివి, “తిడతాండావా, పిలుస్తాండావా?” అన్నాడు. రెండూ అన్నాను.

ముందు తాడు గుంజకు కరపత్రం అంటించి, పక్కన నాపరాయి బండ ఒకటి నిలబెట్టి సుద్దముక్క పెట్టాను. మొదట నా పేరే రాశాను: పినాకిని, వెనక తాడు. ఆ రోజంతా జనం వచ్చి చదివి నవ్వుకుని పోయారు. మర్నాడు బండ మీద నాగలింగం అని కనిపించింది. చేతిరాత ఆయనది కాదు, పెళ్ళాం రాయించిందట. ఆ తర్వాత ఎవరాపగలరు? మేదర రాములక్క, ఎర్రిస్వామి తాత కొడుకు, అతని కోడలు, లీలాధర్ చెల్లెలు. లీలాధర్ కూడా ఊడ్చే యంత్రాలను వదిలేసి వచ్చి తాడు పట్టుకున్నాడు. తువ్వాలు లేదు, జుట్టుకు నూనె రాసుకుని మరీ వచ్చాడు.

మా వీధి మేలుకుంది. రాయాలనిపించి రాస్తున్నా: మా వీధి మేలుకుంది!

సాక్షులూ దొరికారు. బండ మీద పేర్లున్నాక ఇక దాపరికమేముంది అన్నాడు నాగలింగం మామ. ఆయన, రాములక్క, తాత ముగ్గురూ పెట్టె ముందు చెప్పి వచ్చారు. తాత కొంచెం ఎక్కువే చెప్పాడు, తాడు లాగుతుంటే నన్ను పులి తరిమిందని. పెట్టె అది కొట్టేసి మిగతాది తీసుకుంది. గాలి కళాశాలవాళ్ళు జ్యేష్ఠంలో తెర మీద మాట్లాడతారట.

మా అమ్మకు చెబితే సూది దారం నుంచి తల ఎత్తింది. “వెనక తాడు ఇప్పుడెవరు చూసుకుంటాండారు?”

“వీధి మొత్తం తాడు లాగుతాంటే వెనకదానికి మనుషులుండరా?”

“అడిగినా, అంతే,” అంది.

నమోదు 5. ఎర్ర జెండా, చివరి రోజులు

కొన్ని చిన్న చిన్న చిక్కులు.

రాములక్కకూ నాగలింగం మామ పెళ్ళానికీ మాటలు లేవు. ఇద్దరూ ఒకే తాడు లాగారు. పేరు ముందు ఎవరిది రాయాలి? తాత కొడుకు తన కోడలు లాగిందానికి తన పేరు రాసుకున్నాడు. అదేమని అడిగితే, “ఆ పిల్లను ఈ ఇంటికి తెచ్చింది నేనే కదా” అన్నాడు. కోడలు వచ్చి సుద్దముక్క లాక్కుని ఆయన పేరు కొట్టేసింది. పళ్ళెం ఒకటి ఎగిరింది. ఎవరికీ తగల్లేదు.

టీ బంకు దగ్గర జనం ఉన్నప్పుడు తాడుకు చేతులు చాలకపోవడం కాదు, చేతులకే తాడు చాలడం లేదు. నిన్న అందరూ ఒక్కసారే లాగి పరదా అంచు చింపారు. జనం లేనప్పుడు “గడప తాకింది” అన్న కేకకు ఎవరూ లేవడం లేదు. చూసేవాళ్ళు లేనప్పుడు లాగితే పేరు ఎవరు నమ్ముతారని.

తగాదాలు తీర్చడానికి నన్నే పిలుస్తున్నారు. కరపత్రం రాసినదాన్ని కదా. పొద్దస్తమానం బండ పక్కనే కూర్చుని ఎవరు లాగారు, ఎవరు ఊరికే పట్టుకున్నారు అని తీర్పులు చెబుతున్నాను. మొదట గర్వంగా ఉండేది. ఇప్పుడు గొంతు పోయింది. కొత్త వ్యవస్థకు పురిటినొప్పులు ఉంటాయని కరపత్రాల్లోనే రాసి ఉంది.

ఖాసిం ఇందాక వచ్చి నా ముందు నిలబడ్డాడు. కూయలేదు, వెక్కిరించలేదు.

“వెనక తాడుకు నువ్వు పోయి ఎన్నాళ్ళయింది?”

“ఎవరో లాగుతాంటారులే,” అన్నాను.

అన్నాక ఆ మాట నా నోట్లో అదోలా అనిపించింది. కానీ అప్పుడే రాములక్క అరుస్తూ వచ్చింది.

నమోదు 6. నల్ల జెండా

నల్ల జెండా ఎగిరితే కోళ్ళు కూడా గూటి లోంచి రావు.

ఈ మధ్యాహ్నం బండ దగ్గర కూర్చుని ఎందుకో తల తిప్పి వీధి చివరికి చూశాను. టికెట్ల గది గోడ పక్కన సందు తెల్లగా మెరుస్తోంది. సున్నం వేసినట్టు తెల్లగా. అది సున్నం కాదు, ఎండ.

పరుగెత్తాను. ఖాసిం కూడా ఎక్కడి నుంచో పరుగెత్తుకొచ్చాడు. అవ్వ గడప లోపల మంచం మీద ఒక పక్కకు ఒరిగి ఉంది, పెదవులు పగిలి, చెయ్యి తలుపు వైపు చాచి. పిలిస్తే పలకలేదు. ఇద్దరం మంచంతో సహా ఎత్తి, తడి గోనెలు కప్పి, వీధివాళ్ళందరికీ భూమి కింద తవ్విన చలవగదికి దించాం. దారిలో ముందు తాడు దగ్గర గుంపు మమ్మల్ని చూసి తాడు వదిలేసింది. లీలాధర్ నూనె జుట్టుతోనే వచ్చి మంచం ఒక కోడు పట్టుకున్నాడు. నన్నెవరూ ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే తిరిగి అనేదాన్ని, కొంచెం తేలికగా ఉండేది.

పొద్దు వాలేవరకూ ఆమె కాళ్ళ దగ్గరే కూర్చున్నాను. మజ్జిగ ఉద్ధరిణెతో పోస్తుంటే కళ్ళు తెరిచింది.

“అవ్వా, అరవొచ్చు కదా! గడప తాకిందని ఒక్క కేక పెట్టొచ్చు కదా!”

“పెట్టినా,” అంది. “మీ తగాదాల్లో నా గొంతు వినపళ్ళా.”

ఇంకో ఉద్ధరిణె తాగింది. ఏడవకూడదనుకున్నాను. కుదరలేదు.

“ఏడవాకు మే, ఉప్పగా అయితాది మజ్జిగ. నీ కాయితం నాకూ తెచ్చిచ్చినాడు ఖాసిం. బాగుండాది. మందంగా ఉండాది. విసనకర్ర చేసుకున్నా.”

బయటికి వచ్చి కరపత్రం చింపేశాను. తువ్వాలు తడిపి బండ మీది పేర్లు తుడిచాను. నా పేరు మొదటిది గనక అన్నిటికంటే గట్టిగా అంటుకుని ఉంది. తుడుస్తుంటే ఆలోచించాను. ఆ పాత కరపత్రం రాసినవాడు అబద్ధం రాయలేదు. వాడి చెమట తీసుకుని మేడ కట్టుకున్న యజమాని ఒకడుండేవాడు. కింది ఊళ్ళలో ఇప్పటికీ ఉన్నాడు. వాడి ముందు పేరు అరిచి చెప్పాల్సిందే, ఇప్పుడైనా అంటాను. మా తాడుకు యజమాని లేడు. లేని యజమాని మీద తిరుగుబాటు చేసి, అవ్వ మీద ఎండ పోశాను.

దారిపెట్టె దగ్గరికి పోయి నా వేసవి గడి తుడిచేయమన్నాను.

“గడి ఖాళీగా పంపిన దరఖాస్తుదారులు ఇంతవరకూ లేరు,” అంది. “పునరాలోచింపగలరు.”

“తుడువు.”

“ప్రవేశము దొరకు అవకాశము మిక్కిలి తక్కువ.”

కొట్టలేదు. తుడవమని మళ్ళీ చెప్పాను, దయచేసి అని కూడా అన్నాను. మా అమ్మకు చెబితే నమ్మదు.

నమోదు 7. నల్ల జెండా

ఈ రోజు గాలి కళాశాలవాళ్ళు మాట్లాడారు.

మా ఇళ్ళన్నీ సగం భూమిలోకి దిగి ఉంటాయి, అక్కడ తెరకు సంకేతాలు అందవు. అందుకని వీధిలోనే బల్ల, కుర్చీ వేశారు. టీ బంకు గోల వినిపించకూడదని ఈ చివర, టికెట్ల గది పక్కన. కూర్చుంటే తెర మీదుగా అవ్వ గడప కనిపిస్తుంది. అవ్వ ఇల్లు చేరి వారం అయింది. వీధి వీధంతా మొగదల్లో ముందు తాడు దగ్గర నిలబడి గుసగుసలాడుతోంది. అందరి ముఖాలకూ మళ్ళీ తువ్వాళ్ళు.

తెర మీదికి వచ్చింది ఆచార్య సీతాపతి గారు, తెల్ల మీసాలు, చేతిలో కాఫీ గ్లాసు. గోదావరి వైపు మనిషి.

“ఏవమ్మా పినాకినీ, నీ వేసవి గడి ఖాళీగా ఉందేవిటి? ఏవీ చెయ్యలేదా?”

“చేసినాను సార్. ఒక కరపత్రం రాసినాను. చింపినాను.”

“ఎందుకు రాశావు?”

“కోపం వచ్చి.”

“ఎందుకు చింపావు?”

“ఇంకా ఎక్కువ కోపం వచ్చి.”

ఆయన నవ్వలేదు, గ్లాసు కింద పెట్టారు. “మా దగ్గరికి రోజూ పిల్లలొస్తారు. అందరి గడులూ నిండిపోయుంటాయి. నీకు సీటు ఎందుకివ్వాలో ఒక్క కారణం చెప్పమ్మా. తొందరేం లేదు, ఆలోచించుకుని చెప్పు.”

నా దగ్గర మంచి ఉపన్యాసం ఉంది. నీడను అమ్మేవాళ్ళ గురించి, ఊరూరా ఊరికే పరచడం గురించి. ఖాసిం ముందు నాలుగుసార్లు చెప్పి చూసుకున్నాను. నోరు తెరిచాను.

అప్పుడే పడమటి గాలి ఒకటి విసురుగా కొట్టింది. గోడ వెనక మేకు నుంచి తాడు జారిన చప్పుడు. పరదా కొస పైకి లేచిపోయింది. బల్ల మీద ఎండ పడింది, తెర తెల్లబడింది. సందులో ఎండ అవ్వ గడప ఎక్కింది. అవ్వ అరవలేదు. కాళ్ళు మెల్లగా లోపలికి ముడుచుకుంది. నా వైపు చూసి, నువ్వు మాట్లాడుకో అన్నట్టు నోటి మీద వేలు పెట్టుకుంది.

మొగదల్లోవాళ్ళు అంతదూరం నుంచి వచ్చేలోపు ఆ ఎండకు ఆమె ఏమవుతుందో నాకు తెలుసు.

ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళెవరో లేచారు. ఎవరని అడగకండి. తువ్వాలు చుట్టుకుంటూ గోడ వెనక్కి పరుగెత్తారు. తాడు గాలిలో పాములా కొట్టుకుంటుంటే ఎగిరి అందుకున్నారు. లాగలేదు, వదిలారు. పరదా ఉబ్బింది. కుంగేటప్పుడు లాగారు. మళ్ళీ వదిలారు, మళ్ళీ లాగారు. గాలి చాలాసేపు ఏడిపించింది. నీడ బల్ల మీదికి, కుర్చీ మీదికి వచ్చి, సందు దాటి అవ్వ గడప ఎక్కాక మేకుకు రెండు మెలికలు ఎక్కువే వేసి కట్టారు.

నేను కుర్చీలోకి వచ్చేసరికి ఆచార్యుల వారు ఇంకా తెర మీదే ఉన్నారు. కాఫీ అయిపోయింది. నా జుట్టు నిండా దుమ్ము.

“ఎక్కడికి వెళ్ళావమ్మా?”

జీవితంలో నోరు మూసుకోవడం ఇంత కష్టమని తెలియదు. మౌన శిబిరం వాళ్ళు చూసి ఉంటే ధ్రువపత్రం ఇచ్చేవాళ్ళు.

“నీళ్ళు తాగొచ్చినా సార్.”

“అలాగా. నువ్వు లేనప్పుడు నీ కుర్చీ చూస్తూ కూర్చున్నాను. ముందు దాని మీద ఎండ పడింది, కళ్ళు చిట్లించుకోవాల్సొచ్చింది. తర్వాత నీడొచ్చింది. ఒక్కసారిగా రాలేదు. వచ్చి ఆగి, వెనక్కెళ్ళి, మళ్ళీ వచ్చింది. ఎవరు లాగారు?”

“ఎవరో లాగినార్లెండి.”

“ఊఁ. మరి గాలి అంత విసురుగా ఉన్నప్పుడు వెనక్కి వదలడం దేనికీ? గట్టిగా పట్టి లాగేస్తే పోదూ?”

“పోదు సార్! ఎదురు లాగితే పరదా చిరుగుతాది, లేదంటే చేతులు పోతాయి. ముందు గాలిని దాని మాట చెప్పనియ్యాల. ఊపిరి వదిలేటప్పుడు మనం లాగాల. లాగినవాళ్ళెవరో వాళ్ళకు తెలిసే ఉంటాది.”

“తెలిసే ఉంటుంది,” అన్నారాయన. గ్లాసు తీసుకుని, ఖాళీ అని గుర్తొచ్చి మళ్ళీ పెట్టారు. “గడి ఖాళీగానే ఉంచుతానమ్మా. నేను చూసింది కూడా ఖాళీ కుర్చీనే.”

తెర ఆగిపోయింది. అది అవునో కాదో తెలియలేదు. మొగదల్లోంచి పరుగెత్తుకొచ్చి అందరూ ఏమన్నాడు, ఏమన్నాడు అని చుట్టుముట్టారు. దస్తగిరమ్మవ్వ గడప లోంచి అరిచింది: “ఆ తువ్వాలు ఎవరిదో గానీ, ఈసారి ఉతికే ఉండాది!”

నమోదు 8. జెండా దించారు

తూర్పున మబ్బు కనిపించిందని జెండా దించారు. చినుకు ఇంకా పడలేదు. అందరూ మిద్దెలెక్కి మెడలు నొప్పి పుట్టేలా చూస్తున్నారు.

దారిపెట్టె ఈ రోజు పేర్లు చదివింది. లీలాధర్‌కు యంత్రాల కళాశాల. ఖాసింకు పక్షుల కళాశాల. వాడి కూత కలివికోడిదేనని తాత సాక్ష్యం చెప్పాడు, చిన్నప్పుడు రోజూ వినేవాడట. నా పేరు చివర్లో వచ్చింది.

“పినాకిని. గాలి కళాశాల. వేసవి వ్యాపకము: లేదు. ప్రవేశము: కలదు.” తర్వాత, “ఇట్టిది ఇదే ప్రథమము,” అని గొణిగింది. దాని నెత్తి మీద తట్టాను, ఈసారి మెల్లగా.

వీధి అంతా వినేలా అరుస్తూ ఇంటికి పరుగెత్తాను. మా అమ్మ కుడుతున్న చల్లచొక్కా పక్కన పడేసి లేచింది. నన్ను పట్టుకుని ఏదో అనబోయి, “నీ అరుపులకు మబ్బు పారిపోతాది” అంది. నాగలింగం మామ అందరికీ టీ పోశాడు. తాత తనను ఇంకో పులి తరిమిన కథ మొదలుపెట్టాడు.

అందరి మధ్యా నిలబడి ఉన్నా నా మనసు వీధి చివర్లో ఉంది. వానలు మొదలయ్యాక నేను వెళ్ళిపోతాను. మళ్ళీ వేసవి వస్తుంది. వెనక తాడు సంగతి? ఎవరినన్నా నిలబెట్టి మాట తీసుకుందామా, నా తర్వాత నువ్వు అని ఒకరికి చెప్పి పోదామా? కరపత్రం లాంటి ఆలోచనే మళ్ళీ, నాకు తెలుసు. ఐనా వస్తుంది.

అప్పుడే ఎవరో “గడప తాకింది!” అన్నారు. టీ గ్లాసు పెట్టేసి తువ్వాలు వెతుక్కుంటూ ఆ చివరికి నడిచాను. నేను సగం దూరం పోయేసరికే పరదా కొస కదిలింది. ముందు వదిలారు. ఉబ్బింది. కుంగేటప్పుడు లాగారు. సందులోకి నీడ దిగింది, గడప మీద అవ్వ కాళ్ళు చాపుకుంది.

గోడ దాకా పోలేదు. పోయి చూడటం పద్ధతి కాదు. అక్కడే నిలబడి విన్నాను.

టికెట్ల గది గోడ వెనక నుంచి తుప్పు పట్టిన తలుపు తెరిచిన చప్పుడొచ్చింది. రెండుసార్లు. అక్కడ తలుపేమీ లేదు.

ఎవరో లాగుతున్నారులే.